వెనక అట్ట లేని రేడియో

ఆ రోజు పొద్దున నల్లా నీళ్లు వచ్చాయి. బిందె నిండుతుండగా ఎదురింటి గేటు దగ్గర నుంచి సారు భార్య, మా పెద్దమ్మ, పిలిచింది. "బిడ్డా, జర ఇటు రా. సారు లేస్తలేడు." ఆమె గొంతులో అరుపు లేదు. నేను నల్లా కట్టేయకుండానే పరుగెత్తాను. సారు గోడవైపు తిరిగి, రోజూ ఎలా పడుకుంటారో అలాగే పడుకుని ఉన్నారు. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే పోయారని, రెండు మూడు గంటలు అయి ఉంటుందని చెప్పాడు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నాకు అప్పుడు ఏడుపు రాలేదు. అమ్మయ్య అనిపించింది. చదివేవాళ్లు నన్ను ఏమైనా అనుకోండి. సారు ఇంకో పది రోజుల ముందు పోయి ఉంటే నేను ఈ జన్మలో తల ఎత్తుకుని తిరిగేదాన్ని కాదు. ఆయన గుండె మీద నేను పెట్టిన బరువు ఒకటి ఉండింది. అది దిగిపోయాకే ఆయన పోయారు. ఆ సంగతి చెప్పకుండా సారు గురించి ఎంత మంచి రాసినా అది సగం మాటే అవుతుంది.

సారుది కాశిబుగ్గలో మా ఎదురిల్లు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబు చూసుకునే కొలువు చేసి రిటైరయ్యారు. పాఠాలు చెప్పే లెక్చరర్ కాదు గానీ వీధంతా ఆయన్ని సారనే పిలిచింది. రిటైరయిన మర్నాటి నుంచి ఆయనకు ఒకటే పిచ్చి, పాత వాల్వు రేడియోలు. వయసు మీద పడ్డవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పెట్టెంత రేడియో, ముందు బట్ట, కింద నాబులు, లోపల వరసగా గాజు బుడ్లు. ఆ బుడ్లే వాల్వులు. స్విచ్చి వేయగానే పాట రాదు. బుడ్లు ఎర్రబడి వేడెక్కాలి. అప్పుడు ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు గొంతు మెల్లగా వస్తుంది.

పాత ఇనుప సామాను కొట్లలో, మూతపడ్డ హోటళ్లలో, ఎవరెవరి అటకల మీదనో దొరికిన సెట్లను ఆయన ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవారు. విప్పితే లోపల ఎలుక గూళ్లు, బల్లి గుడ్లు. ఒకసారి ఎవరిదో పెళ్లి శుభలేఖ కూడా దొరికింది, పసుపు ఇంకా అంటుకునే ఉంది. ఆయన రేడియోలను కంపెనీ పేరుతో పిలవరు, దొరికిన ఊరి పేరుతో పిలుస్తారు. "నర్సంపేట ముసలాయనకు దగ్గు పోయింది బిడ్డా" అని పొద్దున్నే గేటు దగ్గర నిలబడి చెప్పారంటే, నర్సంపేట నుంచి తెచ్చిన సెట్టులో బర్రుమనే చప్పుడు ఆగిపోయిందని అర్థం. పక్కనే ముగ్గు వేస్తున్న పెద్దమ్మ తలెత్తకుండానే అనేది, "నాకు జరమొచ్చి వారం పండుకున్న. దగ్గు పోయిందా అని ఒక్కనాడన్న అడిగిండా?"

నేను ఆయన పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. మాది జంపఖానాలు నేసే ఇల్లు. మా ఆయన పోయాక మగ్గం అమ్మేశాను. ఇతరుల మగ్గాలకు కండెలు చుట్టి ఇస్తూ బతుకుతున్నాను. అప్పటికి నాకు నలభై అయిదేళ్లు. ఒకరోజు సారు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో మాడిపోయిన ఇనుప ముద్ద ఒకటి ఉంది.

"నువ్వు సన్న నూలు తెంపకుంట చుడుతవట గద?"

"చుడుతా సార్. ఏం?"

"రాగి దారం చుడుతవా? వెంట్రుక కన్న సన్నం. నేను ఏడుసార్లు చుట్టిన, ఏడుసార్లు తెగింది."

పెద్దమనిషి, కాదనలేక ఒప్పుకున్నాను. మనసులో మాత్రం పాపం మతి చలించిందనుకున్నాను. అది రేడియోలోని ట్రాన్స్‌ఫార్మర్. వేల చుట్లు చుట్టాలి, ఒక్క చుట్టు లెక్క తప్పకూడదు. మా కండెలు చుట్టే రాట్నం మీదే కూర్చుని చుట్టేశాను. మధ్యలో కూరగాయలాయన వచ్చాడు. పుచ్చు వంకాయలు ఇచ్చినందుకు వాణ్ని నాలుగు మాటలని పంపించాను. చెయ్యి ఆగలేదు, లెక్క తప్పలేదు. సారు నోరు తెరుచుకుని చూశారు. ఆయన లెక్కపెడుతుంటే ఇంట్లో ఎవరూ దగ్గకూడదట. "ఇది నాకు చాతగాని విద్య బిడ్డా" అన్నారు. పదకొండేళ్లలో ఆయన నన్ను నేరుగా మెచ్చుకున్న మాట అదొక్కటే. మిగతా అన్నింటికీ "మంచిగనే ఉన్నది" అనేవారు, అది కూడా రేడియోను చూస్తూ.

ఆ తర్వాత సోల్డరింగు నేర్పారు. వాల్వు పోయిందో లేదో చూడటం నేర్పారు. వీధిలో ఆడవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లే తర్వాత మిక్సీలు పట్టుకుని వచ్చారు. చెయ్యను పొమ్మన్నాను. నాకూ కొంచెం పొగరు పట్టిందనుకోండి.

సారు దగ్గర పని నేర్చుకోవడమంటే మొదట చేతులు దాచుకోవడం నేర్చుకోవడం. కరెంటు ఉన్న సెట్టును ముట్టుకునేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. రెండు చేతులూ తగిలితే కరెంటు ఒక చేతి నుంచి గుండె మీదుగా రెండో చేతికి పోతుంది. ఆయన ఇంట్లో లుంగీ తప్ప కట్టరు, లుంగీకి జేబుండదు. అందుకని దర్జీతో లుంగీకి జేబు కుట్టించుకున్నారు. అది చూసి పెద్దమ్మ, "ఊళ్లె నా పరువు తీస్తాండు" అని నెత్తి కొట్టుకుంది. ఆయన మాత్రం, "ఒక్క చెయ్యి పనికి, ఒక్క చెయ్యి పానానికి" అనేవారు. చివరికి ఫ్యాన్ స్విచ్చి వేసేటప్పుడు కూడా ఆయన ఎడమ చెయ్యి దానంతట అదే వెనక్కి పోయేది. ఇప్పుడు నాదీ పోతుంది.

ఇంకో అలవాటు ఉండేది. సెట్టు వేశాక వాల్వులు వేడెక్కేదాకా గదిలో ఎవరూ మాట్లాడకూడదు. చుట్టాలొచ్చినా, కరెంటు మీటరు చూసే మనిషి వచ్చినా సారు వేలు పైకెత్తితే ఊరుకోవలసిందే. "అది లేవనీకి అరనిమిషం పడ్తది. మనం ఊకె ఉండలేమా?" అనేవారు.

బాగుచేసిన రేడియోలను ఆయన అమ్మలేదు. ఇల్లు పట్టదు కాబట్టి అన్నీ ఉంచుకోనూ లేదు. రోజూ పెట్టుకుని వినేవాళ్లకు ఇచ్చేవారు. కావాలని వచ్చినవాళ్లు ముందు గంటసేపు ఆయన పక్కన కూర్చుని వినాలి. అదే పరీక్ష. పెద్ద కారులో వచ్చినాయన ఒకడు హాల్లో అలంకారానికి అడిగాడు. పావుగంటకు ఫోను తీశాడు. సారు అతనికి టీ తాగించి మర్యాదగా పంపించేశారు. ఎవరికి ఏ సెట్టు ఇచ్చారో ఒక పుస్తకంలో రాసిపెట్టమని నేను చాలాసార్లు చెప్పాను. ఆయన వినలేదు. పెట్టె లోపలి చెక్క మీద పెన్సిలుతో రాసేవారు. ఏ వాల్వు మార్చారు, ఎవరికి ఇస్తున్నారు, ఆ రోజు ఏం జరిగింది, అన్నీ అక్కడే. "మూడో వాల్వు కొత్తది. బయట వాన. ఇంట్ల జొన్నరొట్టె" అని రాసిన సెట్టు ఒకటి ఇప్పుడు కూడా హన్మకొండలో ఎక్కడో మోగుతూ ఉండాలి. "సెట్టు సంగతి సెట్టులనే ఉండాలె. పుస్తకం ఎవలు చదువుతరు?" అనేవారు. ఆ పద్ధతి మమ్మల్ని ఎంత ఇబ్బంది పెట్టిందో చెప్తాను.

వాల్వు రేడియోల్లో ఒక జాతి ఉంది. దానికి కరెంటు వైపు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోని కరెంటు నేరుగా లోపలున్న ఇనుప పళ్లెం మీదికే వస్తుంది. ప్లగ్గు ఒకవైపు పెడితే ఏమీ కాదు, తిప్పి పెడితే పళ్లెమంతా కరెంటే. పాట మాత్రం రెండు విధాలా ఒకేలా వస్తుంది. అందుకే వెనక అట్ట బిగించి ఉండాలి. నాబు మరలు కనపడకుండా మైనం నింపాలి. ప్లగ్గు ఏ వైపు పెట్టాలో టెస్టరుతో చూసి గుర్తు వేయాలి. ఈ మూడూ చూడనిదే సారు ఆ జాతి సెట్టును గడప దాటనిచ్చేవారు కాదు.

నాలుగేళ్ల కిందట వానాకాలంలో సారు కంటి ఆపరేషనుకు దవాఖానలో ఉన్నారు. ఆ జాతి సెట్టు ఒకటి తయారుగా ఉంది. ములుగు దిక్కు అడవి ఊళ్లో ఉండే ఒక పెద్దమనిషికి ఇస్తానని సారు మాటిచ్చారు. ఆయన ఒకప్పుడు ఫారెస్టులో వాచరుగా చేశాడు. కాశిబుగ్గలో చుట్టాలింటికి వచ్చి, సారు వరండాలో పాట వినబడితే అరుగు మీద కూర్చుండిపోయాడు. గంట కాదు, గంటన్నర కూర్చున్నాడు. ఆయన కొడుకు జీపు నడుపుతాడు. ఆ రోజు కొడుకు వచ్చాడు, బయట జీపు నిండా మనుషులు. హారన్ మీద హారన్.

"జల్దీ ఇయ్యక్కా, సవారీలు లొల్లి చేస్తాన్రు" అన్నాడు.

మైనం నేనే నింపాను. వెనక అట్ట మాత్రం ఎలుకలు కొరికితే కొత్తది కోసి, వార్నిషు పూసి, ఆరడానికి బీరువా వెనక నిలబెట్టాను. తడి ఆరలేదు. టెస్టరు సారు సంచిలో దవాఖానకు పోయింది. తర్వాత పంపిద్దాంలే అనుకుని సెట్టు ఎత్తి జీపులో పెట్టాను.

సాయంత్రం దవాఖానకు వెళ్తే, కంటికి పట్టీతో ఉన్న సారు అడిగారు. "ములుగాయన సెట్టు పోయిందా? అన్ని చూసినవా?"

"చూసిన సార్" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్లూ ఆలోచించాను. లేదంటే ఆయన పట్టీతోనే మంచం దిగుతారని భయం. అది నిజమే. కానీ ఇంటికి వచ్చాక చెప్పొచ్చు, చెప్పలేదు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ నెల గడిచాక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటారేమో అన్న కొత్త భయం పట్టుకుంది. మర్చిపోయానని చెప్పుకుంటే బాగుంటుంది, కానీ మర్చిపోలేదు. వాన పడి నేల చెమ్మగిల్లినప్పుడల్లా గుర్తొచ్చేది. చెప్పుల్లేని కాళ్లతో తడి నేల మీద నిలబడి ఎవరో ఆ సెట్టు వెనక చెయ్యి పెడుతున్నట్టు కళ్లకు కట్టేది. అప్పుడు లేచి ఏదో ఒక పని చేసుకునేదాన్ని.

ఈ ఏడు సారు ఇంటికి సున్నం వేయిస్తూ బీరువా జరిపారు. అట్ట బయటపడింది. అప్పటికే సారు గుండె బలహీనపడింది, మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. నేను వెళ్లేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. చిల్లుల లెక్క చూసి ఏ సెట్టుదో అప్పటికే పోల్చుకున్నారు.

"బిడ్డా, ఇది ఇక్కడెందుకున్నది?"

నేల మీద కూర్చుండిపోయి మొత్తం చెప్పాను. హారన్ సంగతి, తడి వార్నిషు సంగతి, దవాఖానలో నేను ఆడిన అబద్ధం, అన్నీ. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నాలుగేండ్లా?" అని ఒక్క మాట అడిగారు. తర్వాత లేచి, కొక్కేనికి ఉన్న అంగీ తీసుకుని తొడుక్కోవడం మొదలుపెట్టారు. ములుగు పోతారట. పెద్దమ్మ, నేను కలిసి కూర్చోబెట్టాం.

"తప్పు నాది సార్. నేను పోత."

"నువ్వు ఇచ్చినవా, నేను ఇచ్చిన్నా అన్నది కాదు. మన ఇంట్ల నుంచి పోయింది" అన్నారు. అంగీ విప్పుతూ, "టెస్టర్ పట్టుకపో. ఆ ఇంట్ల సెట్టు ముట్టేటప్పుడు చెప్పులు ఇడ్వకు" అన్నారు.

పేరు, ఊరు సారుకు కూడా గుర్తు లేవు, కాశిబుగ్గలోని ఆ చుట్టాలు ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి పోయారు. అవి రెండూ ఆ సెట్టు లోపల పెన్సిలుతో రాసి ఉన్నాయి. బస్సెక్కి ములుగు పోయి జీపు అడ్డాలో అడిగాను. అప్పటి డ్రైవర్లు సగం మంది లేరు. పెద్ద రేడియో, వాచరు తాత అంటే ఎవరికీ తెలియలేదు. ఒకాయన మాత్రం, "ఫికర్ చెయ్యకక్కా, అడిగి ఫోన్ చేస్త" అని నా నంబరు రాసుకున్నాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాను. సారు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నా ముఖం చూసి లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు అన్నం ముట్టలేదని పెద్దమ్మ చెప్పింది.

మర్నాడు పొద్దున ఆయనే మా ఇంటికి వచ్చారు. రోడ్డు దాటడానికే ఆయాసపడుతున్నారు. "ఫోన్ వచ్చేదాక ఊకె కూసోవద్దు. దానికి ఒక ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుదాం" అన్నారు. గోడ కరెంటుకు, సెట్టుకు మధ్య పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ అది. అది ఉంటే ప్లగ్గు ఏ వైపు పెట్టినా పళ్లెం మీద ముట్టుకున్న మనిషికి షాకు కొట్టదు. అయిదు రోజులు చుట్టాను. సారు పక్కన కూర్చుని పొర పొరకూ కాయితం అందించారు. ఆ అయిదు రోజులూ నేను ఎవరినీ తిట్టలేదు, ఏమీ మాట్లాడలేదు. పైకి లెక్కపెట్టాను. ఒకచోట నా లెక్క తప్పింది. ఆయన ముందు తప్పడం అదే మొదలు. "విప్పి మళ్ల చుట్టు. తొందరేం లేదు" అన్నారు. తొందర ఎంత ఉందో ఇద్దరికీ తెలుసు.

ఆరో రోజు ఫోను వచ్చింది. ఆ కొడుకు జీపు మానేసి ఊళ్లోనే చిన్న కిరాణం పెట్టుకున్నాడట. ఊరి పేరు చెప్పారు. తాత బాగున్నాడా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇటుకంత బరువున్న ట్రాన్స్‌ఫార్మరు, అట్ట, టెస్టరు సంచిలో వేసుకుని బస్సెక్కాను. ములుగు నుంచి జీపులో అడవి దారి. దిగి, కిరాణం కొట్టు అడిగి ఇల్లు కనుక్కున్నాను.

గడప దగ్గర అలవాటుగా చెప్పులు విడిచాను. సారు మాట గుర్తొచ్చి మళ్లీ తొడుక్కున్నాను. ఒకరి ఇంట్లోకి చెప్పులతో వెళ్లడం నాకు అదే మొదలు, ఆ ఇంటి కోడలు వింతగా చూసింది. వరండాలో నులక మంచం మీద తాత ఉన్నాడు. చూపు దాదాపు పోయింది, మనిషి మాత్రం నవ్వుతూ ఉన్నాడు. రేడియో మోగుతోంది. ఎక్కడో పైన. తల ఎత్తి చూస్తే గోడకు ఎత్తుగా ఒక బల్ల కొట్టి, దాని మీద పెట్టారు. కింద పొడి చెక్కపీట.

నేను ఎవరో, ఎందుకు వచ్చానో చెప్పాను. సంచిలోంచి అట్ట తీసి చూపించాను. కోడలు అట్ట వైపు చూసి, నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గిదానికోసం ఇంత దూరం వచ్చినవా అక్కా? వచ్చిన మొదటి నెలల్నే నాకు జిల్లుమన్నది. దుమ్ము తుడుద్దామని వెనక చెయ్యి పెట్టిన. గుంజి కొట్టింది. ఆడ గోడకు పడ్డ."

ఆమె చెప్పుకుంటూ పోతోంది. వాళ్ల పుట్టింట్లో పిండి గిర్ని ఉండేదట, కరెంటు సంగతి ఆమెకు ఎరుకట. ఆ రోజే మొగుడితో గోడకు ఎత్తుగా బల్ల కొట్టించింది. చెక్కపీట ఎక్కి తను తప్ప ఎవరూ ముట్టొద్దని ఇల్లంతటికీ చెప్పింది. తాతను కూడా ముట్టనివ్వలేదు.

"పారెయ్యమన్నడు మా ఆయన. నేనే వద్దన్న. మామయ్యకు గదొక్కటే తోడు."

అప్పుడే లోపలి నుంచి మూడేళ్లు దాటిన పాప ఒకతి వచ్చి ఆమె కాళ్లను పట్టుకుంది. ఆమె పాప తల మీద చెయ్యి వేసి మామూలుగా అంది, "అప్పుడు ఇది కడుపుల ఉన్నది."

నేను ఆ పీట మీదే కూర్చుండిపోయాను. ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో తెలియక తాత కంగారుపడి, "పానీ ఇయ్యిండ్రి, పానీ ఇయ్యిండ్రి" అంటున్నాడు. నీళ్లు తాగి, లేచి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని టెస్టరు ఆనించాను. ఎర్రగా వెలిగింది. నాలుగేళ్లూ ఆ పళ్లెం మీద కరెంటు అలాగే ఉంది. ప్లగ్గు పీకి, ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, మళ్లీ చూశాను. వెలగలేదు. ప్లగ్గు తిప్పి చూశాను. వెలగలేదు. పదిసార్లు చూసి ఉంటాను. ప్లగ్గు మళ్లీ పీకి అట్ట తీసుకున్నాను. బిగించే ముందు దాని లోపలి వైపున సారు రాసినట్టే పెన్సిలుతో రాశాను: "ఈ అట్ట నాలుగేండ్లు ఆలస్యంగ బిగించిన. తప్పు నాది. ఇంటి కోడలు అందర్ని కాపాడింది."

తిరుగు బస్సులో నా మనసులో ఒక పాడు ఆలోచన వచ్చింది. దాచడం ఎందుకు. సారుకు షాకు సంగతి చెప్పకపోతే ఏం? ఎవరికీ ఏమీ కాలేదంటే చాలు కదా, గుండె బాగాలేని మనిషి. హన్మకొండ వచ్చేదాకా అదే అనుకున్నాను. కానీ నాలుగేళ్ల కిందట కూడా సరిగ్గా ఇదే అనుకున్నాను, ఆయన మంచికే అని.

సారు గేటు దగ్గర లేచి నిలబడ్డారు. "ఎవలకన్న ఏమన్న అయిందా?"

"కోడలికి ఒక్కసారి షాక్ కొట్టింది సార్. గోడకు పడ్డదట. ఇప్పుడు మంచిగున్నది. అప్పుడు ఆమె కడుపుతోని ఉండె. పిల్ల కూడ మంచిగున్నది."

ఆయన గేటు కమ్మీ గట్టిగా పట్టుకున్నారు. తర్వాత ల్యాబులో అడిగినట్టు అడిగారు. "ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి సార్."

"ఇంకో చెయ్యి ఏడున్నది?"

నేను అది కూడా అడిగి వచ్చాను. ఆయన దగ్గర పదకొండేళ్లు నేర్చుకున్నది అదే కదా. "కొంగు నడుముల దోపుకుంటాందట సార్. దేన్నీ పట్టుకోలె."

సారు ఊపిరి వదిలారు. అంత పొడవైన ఊపిరి నేను ఎవరి దగ్గరా వినలేదు. కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ముఖం తుడుచుకుని, "ఇగ మంచిది" అన్నారు. లోపలికి తిరిగి, "ఏమే, ఆకలైతాంది, ఏమున్నది?" అని అడిగారు. పెద్దమ్మ పరుగున వచ్చి ఆయన ముఖం చూసి, నా ముఖం చూసి, రొట్టెలు చేయడానికి వెళ్లింది. నేను చేసిన ట్రాన్స్‌ఫార్మరు గురించి సారు అడిగారు. వేడెక్కిందా, గుర్రుమందా అని. లేదు సార్ అన్నాను. "మంచిగనే ఉన్నది అయితె" అన్నారు, ఈసారి నన్ను చూస్తూనే.

తర్వాత తొమ్మిది రోజులు బతికారు. ఆ తొమ్మిది రోజులూ మధ్యాహ్నం నిద్రపోయారని, గుండె బాగాలేని ఈ నాలుగు నెలల్లో అంత నిద్ర చూడలేదని పెద్దమ్మ చెప్పింది. ఒకరోజు నన్ను పిలిచి, మిగిలిన సెట్ల వెనక అట్టలన్నీ చూడమన్నారు. అన్నీ బిగించే ఉన్నాయి. అయినా కుర్చీ జరుపుకుంటూ నా వెంట తిరిగి ఒక్కొక్కటీ చూసుకున్నారు. అవి ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. వచ్చి గంటసేపు కూర్చుని వినే ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా అడగవచ్చు.

పెద్దకర్మ జరిగే పెద్ద దినం నాడు ములుగు నుంచి వాళ్లు వచ్చారు. నేనే ఫోను చేసి చెప్పాను, వస్తారనుకోలేదు. తాతను కొడుకు చెయ్యి పట్టి నడిపించుకొచ్చాడు. తాత సారు ఫోటో ముందు కాసేపు నిలబడి, కనపడదు కాబట్టి అద్దాన్ని వేళ్లతో తడిమి చూశాడు. కోడలు పెద్దమ్మ పక్కన కూర్చుని ఆమెకు ఏదో చెప్తోంది. పెద్దమ్మ చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వింది.

అందరూ భోజనాల బంతిలో కూర్చున్నాక నేను వడ్డిస్తున్నాను. పాప అన్నం వద్దని మారాం చేస్తోంది. కోడలు విస్తట్లో అన్నంలో పప్పు కలిపి, నెయ్యి వేసి, వేళ్లతో మెత్తగా పిసుకుతోంది. అదే కుడి చెయ్యి. అయిదు వేళ్లకూ పప్పు అంటుకుని ఉంది. ముద్ద చేసి పాప నోటి దగ్గర పెట్టింది. పాప తల తిప్పుకుంది. ఆ చెయ్యి పాప గడ్డం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పింది. నా చేతిలో గరిటె అలాగే ఉంది, వరసలో చివర కూర్చున్నాయన కూర కోసం పిలుస్తున్నాడు, నేను కదల్లేదు. పాప నోరు తెరిచి ఆ ముద్ద తిన్నది.